టారెంటు బిరుదు

ఒకానొక రాజ్యంలో, అంటే రాజుగారు రాజ్యమనేవారు, ఇంగ్లీషు దొరలు జమీ అనేవారు, నరహరి దేవు అనే ప్రభువు ఉండేవారు. ఆయనకి కోపం ముక్కు మీద ఉంటుందంటే ముక్కుకి అన్యాయం చేసినట్టే, అది నెత్తికెక్కి కూర్చునేది. రాణిగారు పోయి రెండేళ్లయింది. ఆనాడు ఆయన కంట చుక్క నీరు రాలేదు. రాజన్నవాడు ఏడవకూడదని పెద్దలన్నారు, ఏడవలేదు. కోపం మాత్రం అప్పటినుంచే మొదలైంది.

ఒకసారి వేటకని వచ్చిన దొర ఒకడు ఆ కోపం కళ్లారా చూసి, పక్కవాడితో నవ్వుతూ "టారెంట్" అన్నాడు. ఆ మాట రాజుగారి చెవిన పడింది. వెంటనే దుబాసీ గవరయ్యకి కబురెళ్లింది. దొరల మాట తెలుగులోనూ, ప్రభువుల మాట ఇంగ్లీషులోనూ చెప్పడమే అతని కొలువు. హఠాత్తుగా విరుచుకుపడే వరద ప్రవాహాన్ని అలా అంటారని గవరయ్య చెప్పాడు. ఇంకేముంది, రాజుగారు ఉబ్బి తబ్బిబ్బయిపోయారు. ఆ పూటే 'టారెంటు బహద్దరు' అని బిరుదు తగిలించుకున్నారు. అది మొదలు తిట్టినా ఆ పేరు మీదే, కొట్టినా ఆ పేరు మీదే.

ఇలా ఉండగా ఒకనాడు వంటింటి పెద్ద కామాయమ్మ తాటిబెల్లం పాయసం వండి తెచ్చింది. రాణిగారికి ప్రాణమైన వంటకం అది. ఆ రోజు ఆవిడ పుట్టినరోజని ముసలమ్మకి జ్ఞాపకం. గిన్నె మీద మూత తీసేసరికి ఏలకుల వాసన గుప్పుమంది, రాజుగారి మొహం కందగడ్డయింది. గిన్నె తీసి గోడకేసి కొట్టారు. పొద్దు గుంకేలోగా ఊరొదిలి పొమ్మన్నారు. అంతటితో ఆగక, ఇది టారెంటు బహద్దరు వారి ఆజ్ఞ అని వీధుల్లో దండోరా వేయించారు.

పాపం, కామాయమ్మకి నా అన్నవాళ్లు లేరు. ఆ వంటింట్లోనే జుట్టు నెరిసింది. గవరయ్య తల్లిని పోగొట్టుకుని కోటలో తిరిగే రోజుల్లో ఆవిడ చేతి ముద్దే అతన్ని బతికించింది. ఆవిడ మూట కట్టుకుంటుంటే అతను చూస్తూ ఊరుకోలేకపోయాడు. ఎదురు చెబుదామా అంటే, పులి నోట్లో తల పెట్టడమే. ఆలోచించగా ఆలోచించగా, తాను చెప్పిన మాటతోనే ఈ ముడి విప్పాలనిపించింది.

సాయంత్రం కొలువులో గవరయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బిరుదు అర్థం సగమే మనవి చేశానని, దాని పుట్టుక కూడా సభలో చెప్పనిమ్మని వేడుకున్నాడు. రాజుగారు మీసం దువ్వుకుని కానిమ్మన్నారు.

"ఇంగ్లీషువాళ్లకి ఆ మాట లాటిను అనే పాత భాష నుంచి వచ్చింది ప్రభూ. అక్కడ దాని మూలానికి అర్థం ఎండిపోవడం, మాడిపోవడం."

రాజుగారు సింహాసనం మీంచి లేచారు. వరదకీ ఎండకీ పొత్తేమిటన్నారు. అబద్ధమని తేలితే నాలుక కోయిస్తానన్నారు.

"మన మాట మాత్రం వేరా ప్రభూ? పాలు పొంగాయంటాం, ఏరు పొంగిందంటాం, దుఃఖం పొంగిందనీ అంటాం. కింద మంట లేనిదే పాలు పొంగవు. మన కోట వెనక వాగుని చూడండి. ఏడాదంతా ఎండిపోయి ఉండి, ఒక్క వాన పడితే చాలు, ఊళ్ల మీద పడుతుంది. నిండుగా పారే ఏటికి ఆ తొందర ఉండదు."

"అంటే ఆ దొర నన్ను ఎండిపోయినవాణ్ణన్నాడా? నాకా బిరుదు అక్కర్లేదు. ఇప్పుడే తీసేశాను."

గవరయ్య ఇందుకోసమే కాచుకుని ఉన్నాడు. "చిత్తం. మరి పొద్దున దండోరా టారెంటు బహద్దరు వారి పేర వేశారు. అలాంటివారు ఈ కోటలోనే లేనప్పుడు, కామాయమ్మని వెళ్లగొట్టింది ఎవరు ప్రభూ?"

రాజుగారు చిక్కులో పడ్డారు. తానే వెళ్లగొట్టానంటే ఆ ఎండిన బిరుదు మళ్లీ నెత్తికి చుట్టుకుంటుంది, కాదంటే ఆజ్ఞ చెల్లదు. మెల్లగా కూర్చుని, పాయసం ఏమైనా మిగిలిందేమో కనుక్కోమన్నారు.

కామాయమ్మ మూట పక్కన పెట్టి, గుండిగ అడుగున ఉన్నది ఊడ్చి తెచ్చింది. రాజుగారు ఒక్క గుక్క నోట్లో పోసుకున్నారు. అంతే, కళ్ల వెంట నీళ్లు ధారకట్టాయి. రాణిగారు పోయిననాడు రావలసిన నీళ్లవి. సభవారంతా తలలు దించుకున్నారు. కామాయమ్మ ఒక్కతే దగ్గరగా వెళ్లి, తినండి బాబూ అంది.

చాలాసేపటికి రాజుగారు ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నారు. "గవరయ్యా, వాగుకి నీళ్లొచ్చాయోయ్" అని నవ్వారు. ఆ నవ్వు విని సభ కూడా తెరిపిన పడింది.

భుజం మీది శాలువా తీసి గవరయ్యకి కప్పారు. కామాయమ్మ మూట విప్పుకుని మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లింది. బిరుదు ఊరికే పోవడం ఎందుకని, రాజుగారు దాన్ని కోట వెనక వాగుకి ఇప్పించారు. వాగు కాదనలేదు.