లోకనాథం చెవి

పలాసలో హేమసుందర్ అనే కుర్రవాడు ఉండేవాడు. గిటారు వాయించడంలో ఆ చుట్టుపక్కల అతనికి సాటి లేరు గానీ, ‘తప్పు నాది’ అనే మాట మాత్రం అతని నోట ఎవరూ ఏనాడూ వినలేదు. కాఫీ ఒలికితే కప్పు జారిందనేవాడు. బస్సు తప్పిపోతే డ్రైవరు ముందే బండి తీసేశాడనేవాడు. గిటారు తీగ తెగితే, ఆ తీగలు చేసినవాళ్ళకి పని రాదనేవాడు. ఇలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు.

ఆ హేమసుందర్ ముగ్గురు స్నేహితుల్ని పోగుచేసి ఒక రాక్ బ్యాండ్ పెట్టాడు. డ్రమ్స్ వాయించేది ఢిల్లీశ్వరరావు. వాళ్ళ నాన్నకి జీడిపప్పు వ్యాపారం. పాడేది ఊర్వశి. ఆమె పగలు చిన్నపిల్లల బళ్ళో లెక్కలు చెప్పేది. బేస్ గిటారు లోకనాథానిది. అతను సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నడిపేవాడు. బేస్ గిటారంటే లావుపాటి తీగలుండే గిటారు. దాని మోత పాటకి అడుగున నేలలా ఉంటుంది. ఉన్నంతసేపూ ఎవరూ గమనించరు. లోకనాథం కూడా అలాంటివాడే. మాట తక్కువ. కానీ ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తూనే ఉండేవాడు. కొట్లో ఫ్యాన్ తిరుగుతుంటే దాని చప్పుడుకి శ్రుతి కలిపేవాడు. స్టేషన్లో రైలు కూత వేస్తే అది ఏ స్వరమో చెప్పేవాడు.

పలాస అంటే జీడిపప్పు కదా! అందుకని బ్యాండుకి ‘జీడిపిక్కలు’ అని పేరు పెట్టుకున్నారు. ఢిల్లీశ్వరరావు వాళ్ళ గోదాములో బస్తాల మధ్య సాధన చేసేవారు. మొదట్లో ఊరివాళ్ళకి వీళ్ళేం చేస్తున్నారో అర్థమయ్యేది కాదు.

“బ్యాండంటే పెళ్ళికొస్తారేటి బాబూ?” అని అడిగేవారు.

“పెళ్ళికి కాదండీ.”

“మరెందుకు?”

దానికి జవాబు వీళ్ళకీ సరిగ్గా తెలిసేది కాదు. ఒక కాలేజీ వార్షికోత్సవంలో వాయిస్తే పిల్లలు కుర్చీలెక్కి గంతులేశారు. ఆ ఊపులో ఒక పెద్దాయన పదవీ విరమణ సభకి వెళ్ళి వాయిస్తే, “భోజనాలయ్యేదాకా ఆపండి బాబూ, ఏం కావాలో అడగడానికి కూడా వినబడట్లేదు” అన్నారు. ఒకరోజు వీళ్ళకి నేల మీద కాళ్ళు ఆనేవి కావు. మరునాడు తలెత్తుకోలేకపోయేవారు. అయినా నలుగురూ కలిసి ఉండేవారు కాబట్టి బండి నడిచేది.

వినాయక నవరాత్రులకి, పక్కనే ఉన్న కాశీబుగ్గలో ఒక పందిట్లో వాయించే అవకాశం వచ్చింది. ఆ రోజు మొట్టమొదటిసారి తమ సొంత పాట వినిపించాలనుకున్నారు. రైల్వే గేటు పడితే ఊరంతా ఎలా ఆగిపోతుందో చెప్పే సరదా పాట అది. ముందు గిటారు ఒక్కటే మొదలుపెడుతుంది. దాని శ్రుతి అందుకుని ఊర్వశి పాడుతుంది. ఆ తర్వాత బేసూ, డ్రమ్ములూ వచ్చి కలుస్తాయి.

ఆ పాటకి హేమసుందర్ గిటారు మెడమీద ఒక క్లిప్పు బిగించుకోవాలి. దాన్ని కేపో అంటారు. మెడమీద అడ్డంగా ఉండే మెట్లలో అది ఒక మెట్టు పైకి జరిగిందంటే గిటారు శ్రుతి అంతా ఆ మేరకు పెరిగిపోతుంది. ఆ సాయంత్రం హేమసుందర్, ముందు వరసలో కూర్చున్న పాత కాలేజీ స్నేహితులకి చెయ్యి ఊపుతూ, చూడకుండానే క్లిప్పు బిగించేశాడు.

గిటారు మోగింది. ఊర్వశి అందుకుంది. అంతా బాగానే ఉంది. లోకనాథం బేస్ మొదలుపెట్టగానే మాత్రం రెండు వేరువేరు పాటలు ఒకేసారి మోగుతున్నట్టయింది. లోకనాథం కంగారుగా తన వేళ్ళ వంక చూసుకున్నాడు. వేళ్ళు రోజూ ఉండేచోటే ఉన్నాయి. ఇటు జరిపాడు, అటు జరిపాడు. ఇంకా ఘోరంగా తయారైంది. ముందు కూర్చున్న పిల్లలు చెవులు మూసుకున్నారు. వెనకనుంచి ఎవరో ఈల వేశారు. పాట ఆగిపోయింది.

హేమసుందర్ మైకు దగ్గరికి వెళ్ళి, “క్షమించాలి. మా బేస్ గిటారు అబ్బాయి శ్రుతి తప్పాడు” అన్నాడు.

జనం గొల్లున నవ్వారు. కమిటీ పెద్ద వచ్చి, “సర్లెండి, హారతి టైమయిపోనాది, దిగండి దిగండి” అని పంపించేశాడు. హేమసుందర్ విసురుగా ఆ క్లిప్పు ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

పందిరి వెనక్కి వచ్చాక కూడా అతను ఊరుకోలేదు. “నేనూ ఊర్వశీ ఒకే శ్రుతిలో ఉన్నాం. నువ్వొక్కడివే వేరేగా వాయించావు. నీ చెవికేమైంది?” అని లోకనాథం మీద విరుచుకుపడ్డాడు. మాట నిజమే. వాళ్ళిద్దరూ ఒకే శ్రుతిలో ఉన్నారు. అందుకే ఊర్వశీ, ఢిల్లీశ్వరరావూ కూడా నమ్మేశారు.

“ఏటో గురూ, సరిగ్గానే పట్టాననుకున్నాను” అన్నాడు లోకనాథం. గిటారు సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గోదాము వైపు రాలేదు.

కొన్నాళ్ళకి, ఆ రోజు ఎవరో ఫోనులో తీసిన వీడియో హేమసుందర్‌కి అందింది. లోకనాథం ఎక్కడ తప్పాడో సాక్ష్యంతో సహా చూపించాలని ఉత్సాహంగా తెరిచాడు. తన గిటారు మెడ దగ్గరగా కనబడింది. రెండో మెట్టు దగ్గర ఉండవలసిన క్లిప్పు మూడో మెట్టు దగ్గర ఉంది. మళ్ళీ చూశాడు. ఎన్నిసార్లు చూసినా క్లిప్పు అక్కడే ఉంది. ఊర్వశి తన గిటారు విని పాడింది కాబట్టి ఆమె కూడా తనతోపాటు పక్కదారి పట్టింది. ఆ వేదిక మీద సరిగ్గా వాయించినవాడు లోకనాథం ఒక్కడే!

‘ఇంత చిన్న క్లిప్పు ఎవరికి కనబడుతుందిలే’ అనుకుని హేమసుందర్ ఆ వీడియో తీసిపారేశాడు. ఫోనులోంచైతే పోయింది గానీ, ఆ రోజునుంచి అతనికి అన్నం సయించలేదు.

ఇంతలో ఊర్వశి తన ఫోను బాగుచేయించుకోవడానికి లోకనాథం కొట్టుకి వెళ్ళింది. తిరిగి వచ్చి హేమసుందర్‌తో దిగులుగా చెప్పింది. “వాడు కూనిరాగం తీయడం మానేశాడు. కొట్టంతా ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. విశాఖ వెళ్ళి చెవి డాక్టరుకి చూపించుకున్నాడట. ఆయన లైటు వేసి చూసి, నీ చెవికేం లేదయ్యా అన్నాడట. అయినా నమ్మడు. వినికిడి చెవి వేరు, శ్రుతి పట్టే చెవి వేరు అంటాడు. గిటారు కూడా ఎవరికైనా ఇచ్చేస్తాడట.”

హేమసుందర్ వినీ విననట్టు తన గిటారు తీగలు బిగించుకుంటూ కూర్చున్నాడు.

చలికాలమంతా అలాగే గడిచింది. ఉగాది దగ్గరపడుతుండగా, ఊరి మైదానంలో జరిగే సంబరాల్లో వాయించమని కబురు వచ్చింది. ముగ్గురూ గోదాములో సాధన మొదలుపెట్టారు. పాట బోసిగా ఉంది. ఎంత గట్టిగా వాయించినా నిండుదనం రాలేదు.

“లోకనాథం లేకపోతే ఇది తేలదు గురూ. వాణ్ణి తిట్టినోడివి నువ్వే, నువ్వే ఎళ్ళి పిలు” అన్నాడు ఢిల్లీశ్వరరావు.

హేమసుందర్ బయలుదేరాడు. దారిలో ఏం చెప్పాలో రెండుమూడు రకాలుగా అనుకున్నాడు కూడా. కానీ అతను కొట్లో అడుగు పెట్టగానే లోకనాథం లేచి నిలబడి, “నన్ను క్షమించు గురూ. అందరిముందూ మన పరువు తీసేశాను. నీ ముఖం చూడలేకే రాలేదు” అన్నాడు.

అదిగో, అక్కడ తెరుచుకుంది సులువైన దారి. హేమసుందర్ అందులోకి జారిపోయాడు. లోకనాథం భుజం తట్టి, “పోనీలే, జరిగిందేదో జరిగింది. అదంతా నేనెప్పుడో మర్చిపోయాను. వచ్చెయ్యి” అన్నాడు. చూశారా! తప్పు చేసినవాడు దొరలా క్షమించేశాడు. తప్పు చేయనివాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని కృతజ్ఞతలు చెప్పాడు.

లోకనాథం మళ్ళీ సాధనకి వచ్చాడు. అందరికన్నా వెనక, బస్తాల పక్కన నిలబడేవాడు. అతని బేస్ వినీ వినబడనట్టు ఉండేది. గట్టిగా వాయించమంటే, “ఆ రోజుకి వాయిస్తాన్లే” అనేవాడు.

ఉగాది సాయంత్రం మైదానం నిండిపోయింది. కాశీబుగ్గ పందిట్లో నవ్వినవాళ్ళు చాలామంది ఇక్కడా ముందు వరసల్లో ఉన్నారు. పాట మొదలుపెట్టేముందు సౌండు చూసే ఆయన కిందనుంచి కేకేశాడు. “బేస్ రావట్లేదు బాబూ! వైరు చూసుకోండి.”

వైరు సరిగ్గానే ఉంది. స్పీకరు పెట్టె మీద లైటు వెలుగుతోంది. హేమసుందర్ లోకనాథం దగ్గరికి వెళ్ళి గిటారు చూశాడు. దాని మీద సౌండు పెంచే నాబ్ సున్నా దగ్గర ఉంది. తిప్పబోతే లోకనాథం చెయ్యి అడ్డుపెట్టాడు.

“అలగే ఉంచీ గురూ” అన్నాడు మెల్లగా. “నేను వాయిస్తున్నట్టు కనబడితే చాలు. ఎవులికీ తెలీదు. ఈసారి పాట చెడిపోకూడదు.”

హేమసుందర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రైలు కూత ఏ స్వరమో చెప్పగల మనిషి, ఊరంతటి ముందూ మూగ గిటారు పట్టుకుని నిలబడడానికి సిద్ధపడ్డాడు. అతన్ని ఆ స్థితికి తెచ్చింది ఎవరో ఆ వేదిక మీద ఒక్కరికే తెలుసు. ఇప్పుడు కూడా ఊరుకుంటే, లోకనాథం జన్మలో ఆ నాబ్ తిప్పడు.

“లోకనాథం, ఆ రోజు తప్పు నాది” అన్నాడు హేమసుందర్. “క్లిప్పు మూడో మెట్టు మీద పెట్టాను. చూసుకోలేదు. నా గిటారు విని ఊర్వశి కూడా తప్పింది. నువ్వొక్కడివే సరిగ్గా వాయించావు. ఇది నాకు వీడియో చూసినప్పుడే తెలుసు. తెలిసీ చెప్పలేదు.”

ఊర్వశి నోరు తెరుచుకుని వింది. “అందుకేనా ఆ రోజు పాట అంత ఎత్తుగా అనిపించింది! భయం వల్ల అనుకున్నాను” అంది. ఢిల్లీశ్వరరావు చేతిలోని డ్రమ్ము కర్ర కిందపడేశాడు.

లోకనాథం మాత్రం, పరీక్ష తప్పాననుకున్న పిల్లవాడు అడిగినట్టు అడిగాడు. “అయితే నా చెవి బాగానే ఉందా?”

“బాగానే ఉంది. మా అందరికన్నా బాగుంది.”

“హమ్మయ్య!” అన్నాడు లోకనాథం. ఆ మాట అని పక్కనున్న స్పీకరు పెట్టె మీద కూలబడిపోయాడు. ఒళ్ళంతా తేలికైపోయినట్టు గట్టిగా ఊపిరి వదిలాడు. మొదట అతనికి కోపం రానేలేదు, అంత ఊరట కలిగింది! కోపం తర్వాత వచ్చింది. దిగ్గున లేచి హేమసుందర్ చొక్కా పట్టుకున్నాడు. “ఒరే, విశాఖ దాకా ఎళ్ళొచ్చాన్రా నేను! ఆ డాక్టరు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు!”

“కొట్టు. పడతాను” అన్నాడు హేమసుందర్.

“కొట్టడాలు తర్వాత” అంది ఊర్వశి. “నువ్వు వాణ్ణి అన్నది మైకులో. ఇదీ మైకులోనే చెప్పు.”

హేమసుందర్ మైకు దగ్గరికి నడిచాడు. అంత దూరం ఎప్పుడూ నడవలేదనిపించింది. “వినాయక చవితి పందిట్లో మా బేస్ గిటారు అబ్బాయి శ్రుతి తప్పాడని చెప్పాను. అది అబద్ధం. తప్పింది నేను. అతను సరిగ్గానే వాయించాడు” అన్నాడు.

ఊరంతా ఛీ కొడుతుందని హేమసుందర్ తల వంచుకున్నాడు. ముందు వరసలో ఒక పెద్దావిడ పక్కావిడతో గట్టిగానే అంది. “ఓలమ్మా, అయితే ఆ పిల్లడిదేటీ తప్పు లేదన్నమాట! పాపం, ఉత్తపుణ్యానికి నవ్వేం.” తర్వాత వేదిక వైపు తిరిగి, “సరే బాబూ, సెప్పేసేవు కదా, ఇంక వాయించు!” అంది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వెనక వరసలదాకా పాకాయి. ఇంతకాలం భయపడింది దీనికేనా అని హేమసుందర్‌కి నవ్వొచ్చినంత పనైంది.

లోకనాథం నాబ్ పూర్తిగా తిప్పాడు. గిటారు మోగింది. ఊర్వశి అందుకుంది. బేస్ వచ్చి కలిసేసరికి కుర్చీలు అదిరాయి. రైల్వే గేటు పాటకి జనం నవ్వారు. ఈసారి నవ్వవలసినచోటే నవ్వారు.

సామాను సర్దుకునేటప్పుడు హేమసుందర్, “నామీద కోపం పోయిందా?” అని అడిగాడు.

“పోలేదు” అన్నాడు లోకనాథం, వైర్లు చుట్టుకుంటూ. “కొన్నాళ్ళుంటాది. ఉండనీ. కానీ నా మనసు కుదుటపడింది గురూ. నీకూ కుదుటపడే ఉంటాది.”

నిజంగానే ఆ పూట హేమసుందర్ ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం తిన్నాడు.

నీతి: మన తప్పు మనం ఒప్పుకోకపోతే దాని బరువు ఏ పాపం ఎరగనివాడి మీద పడుతుంది, అందుకే ‘తప్పు నాది’ అన్న మాటను తెలిసిన వెంటనే చెప్పాలి.