ఎలుగుబంటికి మొదటి ముంత

అనగనగా ఒక కొండ, కొండ కింద ఒక వాగు, వాగు ఒడ్డున వెదురువలస అనే ఊరు. ఆ ఊళ్ళో దాలమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె చేసే రాగుల కల్లుకు చుట్టుపక్కల ఊళ్ళన్నింటిలోనూ మంచి పేరు.

రాగుల కల్లంటే తాటిచెట్టు కల్లు కాదు. రాగులు నానబెట్టి, మొలకలు రప్పించి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి జావ కాస్తారు. జావ చల్లారాక పాతకుండ అడుగున మిగిలిన మడ్డిని అందులో కలుపుతారు. పాలకు తోడు ఎలాగో, ఈ కల్లుకు మడ్డి అలాగ. మడ్డి బతికి ఉంటే మర్నాటికల్లా కుండ బుడబుడమంటుంది. చచ్చిపోతే జావ జావగానే ఉంటుంది.

వెదురువలసలో పెద్దలు పెట్టిన కట్టుబాట్లు రెండు ఉండేవి. మడ్డి అడిగినవాళ్ళకు లేదనకూడదు. పుచ్చుకున్నవాళ్ళు కొత్తకుండలో మొదటి ముంతను మడ్డి ఇచ్చినవాళ్ళకే ఇవ్వాలి. ఎంత పిసినారి అయినా ఆ ఊళ్ళో ఈ మాట దాటేవాడు కాదు. దాటకుండానే తప్పించుకునే దారి ఒకటి దాలమ్మ కనిపెట్టింది. ఎందుకో చెబుతాను వినండి.

ఏటా కొత్త రాగుల పండుగకు రాజుగారు ఆ ఊరు వచ్చేవారు. ఎవరి కల్లు బాగుంటే వారి అరుగు మీద కూర్చుని ముంత అందుకునేవారు. ఆయన తాగి మీసం తుడుచుకున్నాకే డప్పు మోగేది, పండుగ మొదలయ్యేది. ఎన్నో ఏళ్ళుగా ఆ అరుగు దాలమ్మదే. అత్తగారి నాటి నుంచి వచ్చిన ఆ గౌరవం అంటే ఆమెకు ప్రాణం.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. ఊళ్ళో కుండలన్నీ చెడిపోయాయి. చింతచెట్టు నీడలో ఉండబట్టి దాలమ్మ కుండ ఒక్కటే నిలిచింది. ఇక అందరూ మడ్డి కోసం తన గుమ్మంలోకే వస్తారు. మంచి మడ్డి ఇస్తే వాళ్ళ కల్లూ తన కల్లులాగే ఉంటుంది. అప్పుడు రాజుగారు ఏ అరుగెక్కుతారో ఏమో అని దాలమ్మకు నిద్ర పట్టలేదు.

తెల్లారేసరికి ఉపాయం తట్టింది. రెండు ముంతలు తీసుకుని రెండింటిలోనూ మడ్డి వేసింది. ఒకదాన్ని అలాగే ఉంచింది. రెండోదానిలో సలసల కాగే గంజి పోసి, కాసేపాగి వంచేసింది. వేడి తగిలితే మడ్డి చస్తుంది. చూడ్డానికి మాత్రం తేడా తెలీదు, వాసన కూడా అదే. బతికిన మడ్డిని పొయ్యికి కుడివైపు గూట్లో పెట్టింది, చచ్చినదాన్ని ఎడమవైపు గూట్లో పెట్టింది.

మొదట పొరుగింటి కొత్త కోడలు సూరీడమ్మ వచ్చింది. అత్తారింట్లో తను చేసే తొలి కుండ అది. దాలమ్మ నవ్వుతూ ఎడమవైపు గూటిలోంచి ఇంత మడ్డి తీసి దొప్పలో పెట్టింది. సూరీడమ్మ కుండ పొంగలేదు. "దాని చెయ్యి మంచిది కాదు" అని అత్త నలుగురిలో అనేసింది. ఆ పిల్ల వాగు గట్టున కూర్చుని ఏడుస్తుంటే దాలమ్మ చూసింది. చూసి, తల తిప్పుకుని ఇంటికొచ్చింది.

తర్వాత కుమ్మరి ఎర్రయ్య వచ్చాడు. అతనికీ ఎడమవైపు గూటి మడ్డే. అతని కుండా పొంగలేదు. ఈ ఏడు మడ్డిలోనే బలం లేదు కాబోలు అనుకుని ఊరివాళ్ళు అడగడం మానేశారు. దాలమ్మ ఊపిరి పీల్చుకుంది.

పండుగ దగ్గర పడింది. దాలమ్మ పెద్దకుండను కడిగి ఎండలో బోర్లించింది. పొయ్యి, గూళ్ళు అలకాలని రెండు ముంతలూ తెచ్చి అరుగు మీద పెట్టింది. సరిగ్గా అప్పుడే వాకిట్లో ఎవరో దగ్గారు. చూస్తే నిలువెత్తు ఎలుగుబంటి.

"భయపడకు అక్కా. మా గుంటకి, అదే మా పిల్లకి, పెళ్ళి కుదిరింది" అంది ఎలుగు, చేతులు కట్టుకుని. "అవతలి కొండ నుంచి మగపెళ్ళివారు దిగుతారు. తేనె బోలెడుంది గాని, పులియబెడదామంటే మడ్డి లేదు. మీకాడ అడిగితే లేదనరని విన్నాను."

దాలమ్మ గబగబా అరుగు వైపు తిరిగింది. ఎలుగుకైనా చచ్చిన మడ్డే ఇవ్వాలని బుద్ధి చెప్పింది. చెయ్యి మాత్రం కంగారులో ఏ ముంత తగిలితే ఆ ముంత అందించింది. ఎలుగు దాన్ని రెండు చేతులా కళ్ళకద్దుకుని కొండెక్కి పోయింది.

దాలమ్మ తేరుకుని, మిగిలిన ముంతలోని మడ్డిని పెద్దకుండలో జావకు కలిపి మూత కట్టింది.

మర్నాడు కుండకు చెవి ఆనించింది. చప్పుడు లేదు. గొంగళి కప్పింది, చప్పుడు లేదు. కుండను పొయ్యి పక్కకు జరిపింది, అప్పుడూ లేదు. చివరికి అత్తగారు పాడే పాట గుర్తు తెచ్చుకుని, కుండ ముందు కూర్చుని పాడింది. దాలమ్మ గొంతుకు గోడ మీది పిల్లి దూకి పారిపోయింది గాని కుండ మాత్రం కిమ్మనలేదు.

అప్పుడు తెలిసొచ్చింది ఆమెకు. తను మిగుల్చుకున్నది చచ్చిన మడ్డి. ఊళ్ళో ఎవరినైనా అడుగుదామంటే, ఎవరింట్లోనూ బతికిన మడ్డి లేకుండా చేసింది తనే. రాజుగారు వస్తారు, ముంత ఖాళీగా ఉంటుంది, డప్పు మోగదు. పిల్లలందరూ కొత్తబట్టలు కట్టుకుని నిలబడి ఉంటారు. దాలమ్మ కుండను పట్టుకుని ఏడ్చింది.

పొద్దున్నే తలుపు తీస్తే గడప మీద సొరబుర్ర ఒకటి ఉంది. దాని నిండా తేనె వాసన వేసే నురగ. ఎవరో వేళాకోళానికి పెట్టారనుకుని దాలమ్మ విసురుగా వాకిట్లో పారబోసింది. ఆమె కోడిపుంజు పరుగున వచ్చి ఆ మడుగులో నాలుగు గుక్కలు తాగింది. కాసేపటికి ఒంటికాలి మీద తిరిగింది, బాతుల దగ్గరకెళ్ళి కొక్కొరొకో అంది, చివరికి చాటలో పడుకుని గుర్రుపెట్టింది.

దాలమ్మ పుంజును చూసింది, సొరబుర్రను చూసింది. ఇది కట్టుబాటు ప్రకారం ఎలుగు పంపిన మొదటి ముంత. అంటే బతికిన మడ్డి కొండ మీద ఉంది.

కొంగు బిగించి కొండెక్కింది. గుహ ముందు మోదుగాకుల పందిరి, రాతిగుంటలో బుడబుడమంటున్న తేనెకల్లు, చుట్టూ గంతులేస్తున్న పిల్ల ఎలుగులు. పెళ్ళికూతురు తలలో అడవిమల్లెలు తురుముకుని సిగ్గుపడుతోంది.

"ఏటక్కా, నేను పంపింది బాగులేదా?" అని అడిగింది ఎలుగు.

బాగుందని చెప్పి, కాస్త మడ్డి పుచ్చుకుని దిగిపోవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆ పెళ్ళికూతురిని చూస్తే వాగు గట్టున ఏడ్చిన సూరీడమ్మ గుర్తొచ్చింది. దాలమ్మ రెండు ముంతల సంగతి దాచకుండా చెప్పేసింది. నీకు కూడా చచ్చినదే ఇద్దామనుకున్నాను, చెయ్యి తప్పింది అని ఒప్పుకుంది.

ఎలుగు పొట్ట పట్టుకుని నవ్వింది. "నీ మనసు ఇవ్వకపోయినా నీ చెయ్యి ఇచ్చింది కదా. నా బిడ్డ పెళ్ళి నిలబడింది. కావలసినంత తీసుకో. కట్టుబాటు మాత్రం తప్పకు, మొదటి ముంత నాది. పెళ్ళివారిని వెంటబెట్టుకుని వస్తాను."

దాలమ్మ కుండ ఈసారి బుడబుడా పొంగింది.

పండుగనాడు రాజుగారు పల్లకీ దిగి, అరుగెక్కి, చెయ్యి చాచారు. డప్పులవాళ్ళు పుల్లలు ఎత్తి పట్టుకున్నారు. ఎలుగు ఇంకా రాలేదు. దాలమ్మ నిండుముంత పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇచ్చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఏడూ ఆ గౌరవం ఆమెదే.

"ఈ మొదటి ముంత మీది కాదు దొరా" అంది దాలమ్మ.

జనం గుసగుసలు పోయారు. మరి ఎవరిదని రాజుగారు కనుబొమలు ముడిచి అడిగారు. దాలమ్మ నలుగురూ వినేలా జరిగిందంతా చెప్పింది. చెప్పి, సూరీడమ్మ అత్తవైపు తిరిగింది. "నీ కోడలి చెయ్యి బంగారం, వదినా. మడ్డిని చంపి ఇచ్చింది నేను. తప్పు నాది" అంది. ఎర్రయ్యకూ చేతులు జోడించింది.

అంతలో వీధి చివర కలకలం. మెడలో మోదుగపూల దండతో ఎలుగు వస్తోంది. వెనక కొత్త దంపతులు, ఆ వెనక వియ్యాలవారు. జనం దారి ఇచ్చారు. కొందరు గోడలెక్కి మరీ ఇచ్చారు. ఎలుగు మొదటి ముంత అందుకుని గటగటా తాగి, మూతి నాకి, "బాగుంది అక్కా" అంది.

రాజుగారు ఆ మూతిని చూసి పకపకా నవ్వారు. అరుగు మీద పక్కకు జరిగి ఎలుగుకు చోటిచ్చారు. "నేను మాట ఇస్తే నిలబెట్టుకుంటానని రోజూ చెబుతూ ఉంటాను. నువ్వు నా ముందే నిలబెట్టి చూపించావు, దాలమ్మా. ఆ రెండో ముంత ఇలా ఇయ్యమ్మా" అన్నారు. తాగారు, మీసం తుడుచుకున్నారు, డప్పు మోగింది.

దాలమ్మ తన కుండలోంచి బతికిన మడ్డి తీసి సూరీడమ్మ దోసిట్లో పోసింది. తర్వాత ఎర్రయ్యకు, తర్వాత ఊరందరికీ.

మరుసటి ఏడు ప్రతి ఇంటి కుండా పొంగింది. ఎవరి అరుగెక్కాలో తేల్చుకోలేక రాజుగారు అన్ని అరుగులూ ఎక్కారు. చివరి అరుగు సూరీడమ్మది. అక్కడినుంచి ఆయన్ని పల్లకీలోకి ఎక్కించడానికి ఎలుగే సాయం పట్టింది. పల్లకీ పొలిమేర దాటేదాకా లోపలినుంచి రాజుగారి పాట వినిపిస్తూనే ఉంది. ఆ పాట దాలమ్మ పాట కన్నా కాస్త నయమట.

కాబట్టి పిల్లలూ, మనం పంచి ఇచ్చినదే మన అవసరానికి బతికి ఉంటుంది.