నిప్పు కొండెక్కిన కథ

ఒకప్పుడు, రౌద్రి నామ సంవత్సరం నడి వేసవి దాకా, నిప్పుకు బండి లాగడం రాదు. పొయ్యిలో కూర్చుని కట్టెలు తినడం, కొలిమిలో కూర్చుని బొగ్గులు తినడం, అంతే దాని పని. బండ్లన్నీ ఎద్దులే లాగేవి.

ఆ వేసవిలో బోడికొండ మీది పల్లెలో బావి ఎండిపోయింది. నీళ్లు కావాలంటే కొండ కింది వాగే దిక్కు. ఊరికంతటికీ మిగిలిన ఎద్దు ఒక్కటే. పేరు చుక్కోడు. వాగు పక్కన కొలిమి పెట్టుకున్న కమ్మరి పోలమ్మది ఆ ఎద్దు. రోజూ నీళ్ల పీపా ఉన్న ఒంటెద్దు బండిని ఆ నిటారు దారిలో చుక్కోడే పైకి లాగేవాడు. కాడి రాసుకుని రాసుకుని మెడ మీద తోలు ఊడిపోయింది.

ఒక పొద్దున, నిండు పీపా బండి మీద ఉండగానే, చుక్కోడు కొలిమి ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"లే నాయనా. పైన పసిపిల్లలు నోరెండి ఉన్నారు," అంది పోలమ్మ. కాడి ఎత్తబోయి, వాడి మెడ చూసి ఆగిపోయింది.

"ఇంకొక్కసారి ఎక్కితే మళ్లీ దిగి రాను పోలమ్మా," అన్నాడు చుక్కోడు. "అయినా కట్టు. పిల్లలున్నారుగా."

కొలిమిలోంచి నిప్పు ఇదంతా చూసింది. చలికాలమంతా ఆ ఎద్దు దాని పక్కనే పడుకుని నెమరేసేవాడు. నిప్పుకున్న నేస్తం వాడొక్కడే. మిగతావాళ్లంతా దాన్ని చూసి దూరం జరిగేవాళ్లే.

"కాడి కింద పెట్టత్తా," అంది నిప్పు. "బండి నేనెక్కిస్తా."

బోడికొండ పగలబడి నవ్వింది. ఆ నవ్వుకు రాళ్లు దొర్లి వాగులో పడ్డాయి.

"ఒసే తిండిపోతూ! నువ్వు కొండెక్కుతావా? దీపం ఆరిపోతే మనుషులేమంటారో ఎప్పుడైనా విన్నావా? ఆరిపోయిందనకూడదని, కొండెక్కిందంటారు. నిప్పు కొండెక్కడమంటే చావడమే, పిచ్చిదానా!"

నిప్పుకు రోషం ముంచుకొచ్చింది. ఎర్రగా ఉన్నది కాస్తా తెల్లబడింది.

"చావడమే అయితే చస్తా. ఎక్కడం మాత్రం ఎక్కుతా. నీ నెత్తి మీద చక్రం దొర్లించకపోతే నా పేరు నిప్పే కాదు!"

పోలమ్మ ముందు ఒక కుంపట్లో నిప్పును పెట్టి బండి మీదికి ఎక్కించింది. నిప్పు బలమంతా కూడదీసుకుని భగ్గుమంది. మంట తాటిచెట్టంత లేచింది. బండి వెంట్రుకవాసి కదల్లేదు.

అటుగా పోతున్న గాలి కిసుక్కుమంది. "నీ బలమంతా ఆకాశానికి పంచిపెడుతున్నావు. ఇక బండికేం మిగుల్తుంది?"

"అయితే ఆకాశం లేని చోట పెట్టండి నన్ను," అంది నిప్పు. "మూసెయ్యండి!"

పోలమ్మ ఒక ఇనప గది చేసింది. గుండ్రటి గోడ, పైన గట్టి మూత. అడుగున మాత్రం కిందికీ పైకీ జారే బిళ్ల. లోపలున్నది తోస్తే కదిలేది అదొక్కటే. బిళ్లకు ఒక కడ్డీ తగిలించి, ఆ కడ్డీని బండి చక్రాలను తిప్పే వంపు తిరిగిన ఇరుసుకు కలిపింది.

"ఇదేం తిప్పలత్తా?" అంది నిప్పు.

"తిరగలి చూళ్లేదటే? చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడుతుంది, రాయి గుండ్రంగా తిరుగుతుంది. నువ్వు బిళ్లను తొయ్యి, ఇరుసు తిరుగుతుంది. దాని చివర ఈ బరువు చక్రం పెట్టా. అది ఊపందుకుంటే బిళ్లను మళ్లీ పైకి నెడుతుంది. సరేగానీ, లోపల కట్టెలు పట్టవు. ఏం తింటావు?"

"నేను లేనూ?" అని రాళ్ల కింద నుంచి బద్ధకంగా ఒక గొంతు పలికింది. అది భూమి పొట్టలో పడుకునే రాతినూనె. ఇప్పుడు మనం పెట్రోలు అంటున్నది దాన్నుంచి తీసిందే. "నన్ను గాలిలో తుంపర తుంపరగా కలపండి. అప్పుడు చూడండి నా తడాఖా."

"ఆ చీకటి కొట్లోకి నేను రాను," అంది గాలి.

"చుక్కోడి మెడ మీద ఈగల్ని తోలుతున్నది నువ్వే కదూ?" అంది నిప్పు.

గాలి సరేనని దిగొచ్చింది.

పోలమ్మ మూతకు రెండు చిన్న తలుపులు పెట్టింది, లోపలికి ఒకటి, బయటికి ఒకటి. చక్రం చేత్తో తిప్పింది. బిళ్ల కిందికి జారగానే లోపలి తలుపు తెరుచుకుంది. గాలి, నూనె తుంపర చెయ్యీ చెయ్యీ పట్టుకుని దూరాయి. తలుపు మూసుకుంది. బిళ్ల పైకి లేచి ఇద్దర్నీ మూతకేసి నొక్కింది.

"అమ్మో, నలిగిపోతున్నాం!"

"నలగండి! ఎంత ఇరుకైతే నా దెబ్బకు అంత ఊపు," అని నిప్పు ఒక్క రవ్వలా చిక్కబట్టుకుని మూత సందులోంచి లోపలికి దూకింది.

ఢాం!

బిళ్ల కిందికి దూసుకుపోయింది. చక్రం గిర్రున తిరిగింది. బండి జానెడు కదిలింది. అంతే, లోపల నిశ్శబ్దం. ఉన్న గాలినంతా ఒక్క గుక్కలో మింగేసి, ఊపిరాడక నిప్పు ఆరిపోయింది. కొలిమి చల్లబడింది. చక్రం ఊపుకు బిళ్ల మళ్లీ లేచి, రెండో తలుపులోంచి పొగను బయటికి నెట్టింది.

కొండ నవ్వింది. "కొండెక్కిందా? చెప్పలేదూ!"

పోలమ్మ గుండె బాదుకుంది. ఎండు మబ్బులో ఊరికే మెరుస్తున్న మెరుపు ఆ ఏడుపు విన్నది.

"వాన తేని మెరుపని అంతా నన్ను తిడుతున్నారు," అంది మెరుపు. "ఆ మూతలో ఒక తునకగా నన్ను కూర్చోబెట్టు. నిప్పు ఆరిపోయినప్పుడల్లా మళ్లీ పుట్టిస్తా."

అలాగే కూర్చోబెట్టింది. గాలీ నూనే వచ్చాయి, నలిగాయి. మెరుపు చిటుక్కుమంది. నిప్పు పుట్టింది.

కొత్తగా పుట్టిన నిప్పుకు పాతదేదీ గుర్తులేదు. పోలమ్మ గుర్తులేదు, చుక్కోడూ గుర్తులేడు. ఇనప గోడలోంచి కొండ నవ్వు మాత్రం వినబడింది. అది చాలు.

"ఎక్కుతా!" అని ఒక్క తోపు తోసి ఆరిపోయింది. దాని వెనక పుట్టినదీ ఆ నవ్వే విన్నది. "ఎక్కుతా!" అన్నది. ఆరిపోయింది. దాని వెనక మరొకటి. ఆ కేకలు పొగతో కలిసి బయటికొచ్చేసరికి డగ్, డగ్, డగ్ అని వినబడ్డాయి.

బండి కదిలింది. మలుపు తిరిగింది. పోలమ్మ పక్కన నడిచింది. వెనక కాడి లేని మెడతో చుక్కోడు మెల్లగా వచ్చాడు. సగం దారిలో కొండ నవ్వు ఆగిపోయింది. కానీ డగ్ డగ్ ఆగలేదు.

"చాలించవే, ఒప్పుకుంటున్నా!" అంది కొండ.

"ఎక్కుతా!" అంది అప్పుడే పుట్టిన నిప్పు.

పల్లె పిల్లలు కడవలతో ఎదురొచ్చారు. చక్రం బోడికొండ నెత్తి మీద దొర్లింది. మొదటి కడవ చుక్కోడి ముందు పెట్టి, పోలమ్మ బరువు చక్రం ఆపి మూత విప్పింది. లోపల మసి తప్ప ఏమీ లేదు.

అప్పటినుంచే బండి ఇంజనులో నిప్పు రెప్పపాటులో పుట్టి, ఒక్క తోపు తోసి ఆరిపోతుంది. అప్పటినుంచే ఎత్తు వచ్చేకొద్దీ ఇంజను మరింత గట్టిగా అరుస్తుంది.

ఆ రోజు నీళ్లు పైకి చేరాయి. చుక్కోడు చేరాడు. బండిని తోసిన నిప్పుల్లో ఒక్కటీ చేరలేదు.