ముట్టకుండా తెచ్చుకున్న లైసెన్సు

వేగులవలస సంస్థానం రాజావారు పద్మనాభరాజు గారికి ఏదైనా కావాలనిపిస్తే మధ్యాహ్న భోజనంలోపు కావాలి. పొరుగు రాజా ఇంట్లో కరెంటు దీపాలు చూసొచ్చిన వారానికే మద్రాసు నుంచి ఆయిలింజనూ, డైనమో, ఒక ఇంజనీరూ దిగారు. కోట వెలిగింది. ఇంజనీరు వెళ్ళిపోయాడు. అప్పుడు రాజావారికి ఊరంతా వెలగాలనిపించింది.

ఊరు వెలగాలంటే తీగలు లాగే కంట్రాక్టరు కావాలి. కంట్రాక్టరుకు లైసెన్సు కావాలి. లైసెన్సుకు నియమాలు కావాలి. వాటిని రాసే పని దివాను గారు తన బావమరిది భుజంగరావుకు అప్పగించారు. ఇంట్లో ఉంటే ఊరగాయ జాడీలు ఖాళీ చేస్తున్నాడన్న దిగులు తప్ప దివాను గారికి వేరే ఉద్దేశం లేదు.

భుజంగరావు రెండే నియమాలు రాశాడు. లైసెన్సు లేనివాడు తీగ ముట్టరాదు. పది ఇళ్ళకు తీగ లాగిన అనుభవం లేనివాడికి లైసెన్సు ఇవ్వరాదు. ఆపైన తన పెరట్లోంచి పది ఇళ్ళ మీదుగా బట్టలారేసుకునే తీగ ఒకటి కట్టించి, మొదటి లైసెన్సు తానే పుచ్చుకున్నాడు. ఆ తీగ కట్టింది కూడా తోటమాలే.

ఇంటికో దీపం పెట్టడానికి పాడిగేదె ఖరీదు అడిగాడు. ఇదేం ధర బాబూ అని నూనెకొట్టు అప్పలస్వామి గొణిగాడు.

"బజారులో ఉన్నది నేనొక్కణ్ణే. నేనెంతంటే అదే బజారు ధర," అన్నాడు భుజంగరావు.

ఊళ్ళోవాళ్ళు గేదెలనే ఉంచుకున్నారు. అవి చీకట్లో కూడా పాలిస్తాయి.

ఇందులో నిండా మునిగింది మాత్రం గవరయ్య. కోటలో ఆముదం దీపాలు వెలిగించే కొలువు అతనిది. కరెంటొచ్చి కొలువు పోయింది. కోట వెనక ఉంటున్న వాటా కూడా నెలలోపు ఖాళీ చెయ్యమన్నారు. అలాగని అతను పని రానివాడు కాదు. ఇంజనీరున్న మూడు నెలలూ నిచ్చెన మోసి అంతా నేర్చుకున్నాడు. "ఇంజను చప్పుడు చేస్తుంది, డైనమో కరెంటు పుట్టిస్తుంది, రెంటినీ కలిపేది ఈ తోలు బెల్టు" అని ఇంజనీరు చెబితే, చప్పుడు ఒకరిది పని ఒకరిది, మన దివాను కచేరీ లాగే కదా అనుకుని చటుక్కున అర్థం చేసుకున్నాడు.

వెళ్ళి దర్బారులో చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ప్రభూ, లైసెన్సు లేనిదే తీగ ముట్టకూడదట. తీగ ముట్టనిదే లైసెన్సు రాదట. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదన్నట్టుంది నా పని."

రాజావారికి చిక్కులంటే జీడిపప్పు కంటే ఇష్టం. మీసం దువ్వారు.

"అయితే తీగ ముట్టకుండానే పనొచ్చని రేపు దర్బారులో చూపించరా. చూపిస్తే లైసెన్సు. లేకపోతే మూటాముల్లే సర్దుకుని సంస్థానం దాటు."

మర్నాడు ఉదయం ఇంజను నడపమని గవరయ్యకే చెప్పారు. ఇంజను తీగ కాదు గనక దానికి లైసెన్సు అక్కర్లేదు. డబడబమని అది మొదలెట్టగానే దర్బారంతా డైనమో నుంచి వచ్చి గోడకు వేలాడుతున్న రెండు తీగలకు దూరంగా జరిగి కూర్చుంది. చివరికి గవరయ్య వచ్చాడు, ఒంటి నిండా దుప్పటి కప్పుకుని.

"ఏరా, నిన్నటికీ ఇవాళ్టికీ ఇంత పొట్టెలా వచ్చింది?" అన్నాడు భుజంగరావు.

"భయం బాబూ. కొందరికి మొహంలో కనిపిస్తుంది, నాకు నడుం దగ్గర చేరింది."

తర్వాత రాజావారి వైపు తిరిగాడు.

"ప్రభూ, ఈ రెండిట్లో ఏ తీగ కరుస్తుందో లైసెన్సున్న బాబుగారు ముట్టి చెబుతారు. నేను ముట్టకుండా చెబుతాను. ఎవరిది నిజమో తమరే తేల్చండి."

భుజంగరావు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "ఇవాళ ఏకాదశి ప్రభూ."

"ఏకాదశికి ముట్టకూడనిది అన్నం," అన్నారు రాజావారు.

భుజంగరావు కళ్ళు మూసుకుని ఒక తీగ పట్టుకున్నాడు. మరుక్షణం "చచ్చాన్రోయ్" అంటూ నిలువునా ఊగిపోయాడు. లాగబోయిన దివాను గారికి భుజం ముట్టగానే అదే వణుకు. దివానును లాగిన బంట్రోతుకూ అంతే. బంట్రోతును పట్టుకున్న ఆస్థాన జ్యోతిష్కుడైతే అందరికంటే ఎక్కువ వణికాడు. ఆయనకు ముందే తెలుసు కదా.

రాజావారు రెండు కాళ్ళూ సింహాసనం మీదికి లాక్కున్నారు. "ఒరే గవరయ్యా, పరుగెత్తి డైనమో ఆపరా."

"తిరిగితే కదా ప్రభూ, ఆపడానికి."

గవరయ్య దుప్పటి తీశాడు. నడుం చుట్టూ నాలుగు చుట్లు, డైనమో బెల్టు.

షెడ్డులో ఇంజను ఒక్కటే ఊరికే డబడబలాడుతోంది.

"రెండు తీగలూ కరవవు ప్రభూ. ముట్టకుండానే చెబుతున్నాను."

రాజావారు బెల్టును చూశారు, వరసగా వణుకుతున్న నలుగురినీ చూశారు. కిరీటం ఒళ్ళో పడేదాకా నవ్వారు. జ్యోతిష్కుడు మెల్లగా చెయ్యి వదిలి ఉత్తరీయం సర్దుకున్నాడు. బంట్రోతూ, దివాను గారూ తామసలు వణకనే లేదన్నట్టు పక్కకు జరిగారు. భుజంగరావు మాత్రం కళ్ళు తెరవలేదు, తీగా వదల్లేదు.

"వాణ్ణి విడిపించవేరా?"

"తీగ ముట్టాలి ప్రభూ. లైసెన్సు లేదు."

రాజావారు నవ్వుతూనే లైసెన్సు రాయించి ముద్ర వేశారు. వెనక వాటా అతనికే ఉంచమన్నారు. చేతి కంకణం తీసి ఇచ్చారు. గవరయ్య కాగితం రొంటిన దోపుకుని, రెండువేళ్ళతో తీగ పట్టి భుజంగరావు పిడికిట్లోంచి లాగాడు.

భుజంగరావు కళ్ళు తెరిచాడు. "బతికించావురా నాయనా. నీకేమిచ్చుకోను?"

"ఎక్కువేం వద్దు బాబూ. బజారు ధరే. ఒక పాడిగేదె."