నిప్పు ఇచ్చినవాడికి శిక్ష

ఈ కథ నాకు మొదట చెప్పింది మా పెదమామ సింగిడి అప్పలస్వామి. ఆయన తప్పు చెప్పే మనిషి కాదు. తప్పంతా తర్వాత చెప్పినవాళ్లది.

కొండల నడుమ ఒకానొక రాజ్యంలో వీరభూపతి అనే రాజు. ఆయన వత్తి తుపాకుల దండుకు పోలినాయుడు పెద్ద. నలభై ఏళ్లు రగిలే వత్తి పట్టి వేళ్లు కాలాయి, కొలువులో నిలబడి నిలబడి మోకాళ్లు అరిగాయి.

ఒక ఏడు ఓడ వర్తకులు రాజుకు చెకుముకి తుపాకి అమ్మారు. మీట నొక్కితే రాయి ఉక్కును కొట్టి రవ్వలు రాలుస్తుంది, వత్తితో పని లేదు. ఇంకేం, పాత తుపాకులు కరిగించి నాగటి కర్రులు చేయిద్దామని, నాయుడి దండులోని ముప్పైమందినీ ఇంటికి పంపేద్దామని దివాను రంగప్ప సలహా ఇచ్చాడు.

వాళ్లకు వేరే బతుకుతెరువు లేదని నాయుడు మనవి చేసుకున్నాడు. రాజు మీసం దువ్వాడు.

"నిప్పు అడుక్కునే తుపాకి నీది. రేపు మధ్యాహ్నం, వెంట నిప్పు తేకుండా పేల్చు. దండు ఉంటుంది. నీకు నిప్పు ఇచ్చినవాడు ఎవడైనా సరే, నెల్లాళ్లు నా గుర్రపుసాల ఊడవాలి."

ఆ మాటే దండోరా వేయించాడు.

మర్నాడు భటులు నాయుడి తలపాగా కూడా విప్పి వెతికారు. మందు కూరిన తుపాకి, ఆరిన వత్తి, దాని కొసకు చుట్టిన, ఇట్టే రాజుకునే మాడుగుడ్డ పీలిక. అంతే.

నాయుడు నీరసంగా దండం పెట్టాడు. తనను పంపేసేలోగా ఆ కొత్త వింత ఒక్కసారి దగ్గరగా చూడాలని ఉందన్నాడు. ఎవరు అడుగుతారా అనే ఉన్నాడు రాజు. మందు పెట్టని తన తుపాకి ఎత్తి మీట నొక్కాడు. చూడటానికి వంగిన నాయుడి చేతిలోని వత్తి రాతి కిందనే ఉంది. రవ్వ అంటలేదు. కళ్లు సరిగా ఆనలేదన్నాడు నాయుడు. రాజు హుషారుగా మళ్లీ నొక్కాడు, మళ్లీ నొక్కాడు. మూడోసారి పీలిక అంటుకుంది. నాయుడు మెల్లగా ఊదాడు.

తుపాకి పేలింది, గురికని గోడమీద పెట్టిన కుండ ముక్కలైంది.

నిప్పు ఇచ్చిందెవడని దివాను ఉరిమాడు.

"నా నోటితో చెప్పలేను బాబూ," అని నాయుడు రాజుకేసి తిరిగాడు. "చీపురు కొత్తది తెప్పించమంటారా ప్రభూ, సాలలో ఉన్నది చాలా?"

రాజు చేతిలోని తుపాకి చూసుకున్నాడు. తర్వాత కిరీటం జారేలా నవ్వాడు. దండును ఉంచాడు. బంగారు కంకణం తొడగబోయాడు.

"అది తర్వాత ప్రభూ. ముందు కాస్త కూర్చోనివ్వండి."

రాజు తన పక్కనే పీట వేయించాడు.

మా ఊరి సత్రం గోడమీద మాత్రం ఈ యుక్తి దివాను రంగప్పదని రాశారు. మూడుసార్లు చెప్పినా, అది రాసిన పంతులు దిద్దలేదు. నాకు రాత అంతంతమాత్రం. అక్షరం కుదురుగా వచ్చినవారెవరైనా ఆ పేరు చెరిపి పోలినాయుడు అని రాయండి. దీర్ఘాలు రెండున్నాయి, రెండూ పెట్టండి.