తల్లులను చూసి తెచ్చిన ఆబోతు

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో రాళ్ల కొండలకు కొదవ లేదు. ఆ రాళ్లు లాగే ఎద్దులకే కరువు.

రాజు విక్రమకేతుడు ఏటి మీద ఆనకట్ట కట్టించాలని పట్టుబట్టాడు. కొండ రాయి ఏటి దాకా రావాలంటే బలమైన ఎద్దులు కావాలి.

ఏటి ఒడ్డున మందపాడు అనే ఊరు ఉండేది. అక్కడి ఆవులు చిన్నవి, పాలు చిక్కనివి. ఊరందరికీ ఆ పాలే బతుకు. ఊరిపెద్ద ఎల్లమంద. అతని భార్య తిరపమ్మ. ఎవరి ఆవు ఈనుతున్నా ముందుగా ఆవిడకే కబురు వచ్చేది.

ఒకనాడు రాజు ఆ ఊరికి ఒక ఆబోతును పంపాడు. అది గున్న ఏనుగులా ఉంది. నడుస్తుంటే నేల అదిరింది. "దీని దూడలు పెరిగి మా బండ్లు లాగాలి" అన్నది రాజు మాట.

ఊరంతా మురిసిపోయింది. తిరపమ్మ మాత్రం ఆబోతు భుజాలు చూసింది. తమ ఆవుల నడుములు చూసింది.

"ఏమయ్యా, ఇంత భుజాలున్న దూడ మన ఆవు కడుపులోంచి ఎట్లా బయటికొస్తుంది?" అని అడిగింది.

"రాజుగారు మనసుపడి పంపారు. వద్దంటే ఏం బాగుంటుంది?" అన్నాడు ఎల్లమంద.

ఆబోతు మందలో కలిసింది. ఆవులు చూడి కట్టాయి. నెలలు నిండేకొద్దీ వాటి కడుపులు మోయలేనంత బరువయ్యాయి.

మొదటి ఆవు ఈనింది. దూడ చచ్చి పుట్టింది.

రెండో ఆవు ఈనలేక ప్రాణం విడిచింది. కడుపులోని దూడ కూడా దానితోనే పోయింది.

మూడోది ఎల్లమంద ఇంటి ఆవు, చుక్క. తెల్లవారగానే నొప్పులు మొదలయ్యాయి. దూడ ముందుకాళ్లు కనిపించాయి, తల మాత్రం రాలేదు. తిరపమ్మ మోచేతుల దాకా ఆముదం రాసుకుని కూర్చుంది. ఎల్లమంద దూడ కాళ్లకు తాడు కట్టి పట్టుకున్నాడు.

"ఆగు! అది ముక్కినప్పుడే లాగు. ఊరికే లాగితే చీలిపోతుంది!" అని అరిచింది తిరపమ్మ.

ఎండ నడినెత్తికి వచ్చింది. చుక్క కళ్లు తేలేసింది. చివరికి దూడ వచ్చింది గానీ అందులో ఊపిరి లేదు. చుక్క లేవలేకపోయినా మెడ చాచి, కదలని ఆ దూడను నాకుతూనే ఉంది. అది చూడలేక ఎల్లమంద గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

మిగిలిన ఆవుల్లోనూ సగం దూడలే దక్కాయి. చుక్క మళ్లీ తన కాళ్ల మీద నిలబడేసరికి వానాకాలం వచ్చింది.

అప్పుడే రాజభటులు అదే ఆబోతును మళ్లీ తోలుకొచ్చారు. తిరపమ్మ మంద దారికి అడ్డంగా నిలబడింది.

"దీన్ని లోపలికి రానివ్వను" అంది.

"రాజాజ్ఞ కాదంటావా?" అని భటుడు బల్లెం ఎత్తాడు.

ఎల్లమంద ఆ బల్లెం చూశాడు. అయినా వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. "ఊరిపెద్దను నేను. ఆవిడ మాటే నా మాట. పట్టుకెళితే ఇద్దర్నీ పట్టుకెళ్లండి" అన్నాడు.

ఇద్దరినీ సభకు తీసుకుపోయారు. రాజు కళ్లు ఎర్రబడ్డాయి.

"ఎద్దులు లేక ఆనకట్ట పని ఆగింది. నేనిచ్చిన కానుకను తిప్పి పంపుతారా?"

తిరపమ్మ చేతులు జోడించింది. "ప్రభూ, ఎద్దు కావాలంటే ముందు దూడ బతకాలి. దూడ బతకాలంటే తల్లి బతకాలి. మా ఆవులు మీ ఆబోతు దూడను మోయలేవు."

సభ గుసగుసలాడింది. రాజు చెయ్యెత్తి సభను ఆపాడు. తర్వాత అన్నాడు:

"నా శాలలో ఇంకా మూడు ఆబోతులున్నాయి. నువ్వే ఎంచుకో. కానీ బలమైన దూడలు కనిపించకపోతే మీ మందలన్నీ మేత మేసే ఏటి బీడును వదిలిపోవాలి. ఒప్పుకుంటావా?"

ఆ బీడు పోతే ఊరు లేదు.  తిరపమ్మ భర్త వైపు చూసింది. అతను తలూపాడు.

"ఒప్పుకుంటాను ప్రభూ" అంది.

రాజుగారి శాలలో మొదటి ఆబోతు కాపరి ఎదురొచ్చాడు. "దీని ఛాతీ చూడమ్మా, కోట తలుపంత!"

"దీని దూడలను ఈనిన ఆవులేవి నాయనా?"

"ఆవుల సంగతి ఎవరికి గుర్తుంటుంది?" అని నవ్వాడతను. తిరపమ్మ ముందుకు నడిచింది.

రెండో కాపరి అన్నాడు, "దీని దూడ పుడుతూనే నా తొడ దాకా వస్తుంది!"

"తల్లులను చూపించు."

చూపించాడు. ఒకటి కాలు ఈడుస్తోంది. ఇంకొకటి ఎముకల గూడై ఉంది, మళ్లీ చూడి కట్టనే లేదు. తిరపమ్మ వాటి వెన్ను నిమిరి, ముందుకు నడిచింది.

మూడో ఆబోతు చూపుకు ఆనలేదు. చిన్న తల, సన్నని భుజాలు, పొడవాటి వెన్ను. తొడల్లో మాత్రం కండ ఉంది. దాని కాపరి మొహమాటంగా, "ఇది పెద్దదేమీ కాదమ్మా" అన్నాడు.

"తల్లులేవి?"

అతను పచ్చికలోకి వేలు చూపాడు. మందపాడు ఆవులంతే ఉన్న ఆవులు నిబ్బరంగా మేస్తున్నాయి. ప్రతిదాని పక్కనా దూడ ఉంది. నిరుటి దూడలు అప్పుడే తల్లులను మించి ఎదిగాయి.

"ఈనేటప్పుడు చెయ్యి వెయ్యాల్సి వచ్చిందా?"

"లేదమ్మా. నేను వెళ్లేసరికి దూడ లేచి పాలు తాగుతుంటుంది."

"నాకిదే కావాలి" అంది తిరపమ్మ. వెంట వచ్చిన సభికులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఊళ్లో ఎవరూ నవ్వలేదు. "ఈ బక్కదాన్ని నమ్ముకుని బీడు పోగొట్టుకోవాలా?" అని మొహం మీదే అడిగారు. చుక్క మళ్లీ చూడి కట్టాక ఎల్లమందకు తిండి సయించలేదు. తిరపమ్మ పైకి ధైర్యంగానే ఉన్నా, రోజూ చుక్క కడుపు మీద చెయ్యి పెట్టి చూసుకునేది.

ఈనే రోజు వచ్చింది. ఆగిపోయిన ఆనకట్ట పని చూడడానికి వచ్చిన రాజు ఆ కబురు విని పాక ముందు ఆగాడు.  తిరపమ్మ చేతులకు ఆముదం రాసుకుంది. ఎల్లమంద తాడు పట్టుకున్నాడు. 

చుక్క ఒకసారి ముక్కింది. గిట్టలు కనిపించాయి. మళ్లీ ముక్కింది. మూతి కనిపించింది. మూడోసారి ముక్కగానే దూడ జారి గడ్డి మీద పడింది.

కదలలేదు.

తిరపమ్మ గబగబా దాని ముక్కు తుడిచింది. చుక్క లేచి, ఇటు తిరిగి, నాలుకతో గట్టిగా ఒక్క నాకు నాకింది. దూడ తుమ్మింది. తడబడుతూ లేచి పొదుగు వెతుక్కుంది. ఎల్లమంద తాడు కింద పడేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రాజు మాత్రం ముఖం చిట్లించాడు. "ఇంత చిన్నదా! ఇదా రాళ్లు లాగేది?"

"ప్రభూ, కడుపులో ఉన్నంతకాలం దూడ బరువు తల్లిది. బయట పడ్డాక ఎంత పెరిగినా ఎవరికీ బాధ లేదు. కోతల దాకా గడువివ్వండి."

రాజు గడువిచ్చాడు. ఆ ఏడు మందపాడులో ఒక్క ఆవు కూడా పోలేదు. ఒళ్లు చెడని తల్లులు కుండలు నిండా పాలిచ్చాయి, ఊరివాళ్లు దూడలకూ కడుపునిండా వదిలారు. కోతలనాటికి దూడల వెన్నులు పలకల్లా పరుచుకున్నాయి.

రాజు మళ్లీ వచ్చాడు. మందంతా తిరిగాడు. తన పెద్ద ఆబోతును తోలించిన పొరుగూరి నుంచి ఒక దూడను వెంట తెచ్చాడు. పుట్టినప్పుడు కొండంత ఉన్న ఆ దూడ, తల్లి పోయి పాలు లేక, చుక్క దూడ పక్కన చిక్కిపోయి నిలబడింది.

రాజు చాలాసేపు ఆ రెంటినీ చూశాడు. "అమ్మా, నేను ఆబోతునే చూశాను. ఆవును చూడలేదు" అన్నాడు. ఏటి బీడు ఎప్పటికీ మందపాడుదేనని అక్కడే ప్రకటించాడు. ఆ పొరుగూరి దూడను తిరపమ్మ ఇంకో ఆవు పాలకు అలవాటు చేసింది. కొన్నేళ్లకు ఆ కోడెలన్నీ ఎద్దులై కొండ రాళ్లు లాగాయి, ఆనకట్ట లేచింది.

పిల్లలూ, దేన్ని ఎంచుకున్నా అది ఎంత గొప్పదో చూడడం చాలదు, దాని బరువు మోసేవాళ్లు క్షేమంగా ఉంటారా అని ముందు చూడాలి.