చిట్టెంగుట్ట కాళవ్వ: పగలగొట్టని మూస

గోదావరికి దక్షిణపు ఒడ్డున బస్సు దిగి అరకోసు నడిస్తే నల్లని చిన్న గుట్ట ఒకటి కనబడుతుంది. దూరం నుంచి చూసినవారు బండ అనుకుంటారు. అది బండ కాదు, తరతరాల కమ్మరులు ఇనుము కరిగించి పారబోసిన చిట్టెం. చెప్పులు విప్పి ఎక్కే భక్తులు చూసి అడుగు వేయాలి, లేకుంటే అరికాలు కోసుకుంటుంది. గుట్ట మీద నాలుగు రాతి స్తంభాల నడుమ కాళవ్వ తల్లి కొలువై ఉన్నది. విగ్రహం ఏదీ అని వెతకవద్దు. పీఠం మీద టెంకాయంత మట్టి మూస ఒకటి ఉంటుంది, అదే అమ్మవారు. మూస అంటే ఉక్కు వండే పాత్ర. దాని మూత మీద ఒక బొటనవేలి ముద్ర నేటికీ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు. గుట్ట కింద బోర్డు మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉన్నా, ఎవరో ఒకరు అలవాటు కొద్దీ రాతికేసి కొట్టబోవడం, పూజారి "ఆగయ్యా, ఆగు!" అంటూ పరుగెత్తడం రోజూ జరిగేదే. అమ్మ ఎదుట ఏదీ పగలకూడదు. ఎందుకో తెలిసిన తరువాత ఎవరికీ కొట్టబుద్ధి కాదు.

పూర్వం ఇక్కడ కొండోజు అనే కమ్మరి ఉండేవాడు. మెత్తని ఇనుప ముక్కలను తంగేడు బొగ్గుతో కలిపి మూసలో పెట్టి, మూత అలికి, కొలిమిలో పేర్చి ఒక పగలూ ఒక రాత్రీ తిత్తులు ఊదించేవాడు. లోపలి ఇనుము నీరై ఉక్కుగా మారేది. మంట ఆపిన తరువాత మూసలు మూడు రోజులు కొలిమిలోనే చల్లారాలి. ఆ పిమ్మటనే పగలగొట్టి ఉక్కుముద్ద తీయాలి. తొందరపడి తీస్తే ఉక్కు పెళుసుబారి సుత్తి దెబ్బకు ముక్కలవుతుంది. కొండోజు ఉక్కుతో చేసిన కత్తి మీద చెరువు నీటి అలల వంటి గీతలు తేలేవట. ఆ ఉక్కు కోసం పారశీక దేశపు వర్తకులు ఏటేటా ఒంటెలు తోలుకుని వచ్చేవారు.

అంత పేరులో సగం కొండోజు భార్య కాళవ్వది. పుట్టమన్నులో వరి ఊక కలిపి, తొక్కి, మూసలు చేసేది ఆమె. నింపిన మూసకు మూత అలికి చివర బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేది. ఆ నొక్కు పడిన మూస మంటలో చీలిందన్న మాట లేదు. కొండోజుకు ఆ సంగతి బాగా తెలుసు. కానీ ఒక్కనాడైనా నోరు తెరిచి అన్నవాడు కాడు. మెచ్చుకుంటే నెత్తికెక్కుతుందని భయం కాబోలు, మహానుభావుడికి!

ఒక ఏడు వర్తకుడు ముందుగా వచ్చాడు. గోదావరి పొంగక ముందే ఏరు దాటాలి, రేపే ప్రయాణం అన్నాడు. మంట ఆపి అప్పటికి ఒక్క రోజే అయింది. కొండోజు మూసలు బయటికి లాగబోయాడు. కాళవ్వ అడ్డు వచ్చింది.

"ఏమయ్యా, ఇంక రెండు దినాలు చల్లారనియ్యి."

"బేరగాడు ఎల్లిపోతడు. నువ్వూకో."

మూసలు పగిలాయి. వర్తకుడు ఒక ముద్దను ఎంచి, సాగగొట్టి చూపమన్నాడు. మొదటి దెబ్బకే అది మూడు ముక్కలైంది. రెండో ముద్దా అంతే. వర్తకుడు చేతులు దులుపుకుని లేచాడు. ఊరంతా చూస్తూ ఉంది. తప్పు తనదని కొండోజుకు ఆ క్షణంలోనే తెలుసు. అయినా ఆడలేక మద్దెల ఓడన్నట్టు భార్య వైపు తిరిగాడు.

"మూసలల్లనే దోషమున్నది. దీని చెయ్యి మంచిది గాదు. ఇగ నా మన్ను ముట్టకు. మీ తల్లిగారింటికి పో!"

కాళవ్వ అప్పుడు తరువాతి కొలిమికి ఒక మూస నింపి మూత అలుకుతోంది. భర్త మాట విని చెయ్యి ఆపలేదు. అలకడం పూర్తి చేసింది, బొటనవేలితో నొక్కింది, మూసను నీడన ఆరబెట్టింది. చేతులు కడుక్కుని, పూటదూరంలో ఉన్న పుట్టింటికి నడిచి వెళ్లిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా?

తరువాత కొండోజు తానే మన్ను తొక్కాడు. అతను చేసిన మూసలు మంటలో నెర్రెలిచ్చి, కరిగిన ఇనుమంతా బూడిదపాలైంది. ఒకసారి కాదు, మూడుసార్లు. మరుసటి ఏడు వర్తకులు ఊరి పొలిమేర తొక్కలేదు. ఒక మధ్యాహ్నం చల్లారిన కొలిమి పక్కన కునుకు పట్టగా, మసి అంటిన చీర కట్టిన ముత్తైదువ, కొలిమి తల్లే కాబోలు, కలలో నిలబడి చెప్పింది.

"మన్నుల దోషం లేదు, కొలిమిల దోషం లేదు. తొందర నీది, నింద దానిది. పోయి తోలుకరాపో."

కొండోజు లేచి ఏడ్చాడు. అప్పుడే బయలుదేరితే పొద్దు గూకక ముందే అత్తవారింట ఉండేవాడు. కానీ వట్టి చేతులతో ఏ ముఖం పెట్టుకుని పోవాలి? ఆమె చెయ్యి మంచిదని ఆమె ముందే రుజువు చేయాలనుకున్నాడు. నీడన ఆమె ఉంచి వెళ్లిన మూసను కొలిమిలో పెట్టి, ఒక్కడే తిత్తి ఊదాడు. ఈసారి తొందరపడలేదు. మూడు రోజులూ కొలిమి ముందు కదలకుండా కూర్చున్నాడు. నాలుగో నాటి పొద్దున మూస తీశాడు. ఎక్కడా చిన్న నెర్రె లేదు. పైబట్టలో చుట్టుకుని, ఆమె చేతనే పగలగొట్టించాలని పరుగులాంటి నడకతో వెళ్లాడు.

వాకిట్లో అత్త కూర్చుని ఉంది. అతన్ని చూసి లేవలేదు.

"జరమొచ్చింది అల్లుడా. మూడు దినాలాయె పోయి." ఆమె మళ్లీ అంది. "ఆఖరుకు గూడ నీ ముచ్చటే. నేనుంచిన మూస కాల్చిండో లేదో, కాలిస్తే తొందరపడి తీయొద్దని చెప్పవ్వా అన్నది."

కొండోజు అక్కడే కూలబడ్డాడు. తిత్తి పట్టిన నాడు ఆమె బతికే ఉంది. ఆగవలసిన చోట తొందరపడ్డాడు, తొందరపడవలసిన చోట ఆగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

కబురు విని వర్తకుడు మళ్లీ వచ్చాడు. మూసను చేత పట్టి బరువు చూసి, ఇది మేలైన ఉక్కు, పగలగొట్టమని బతిమాలాడు. ఊరి పెద్దలూ చెప్పి చూశారు.

"పగలగొట్టాల్సిన చెయ్యి పోయింది," అన్నాడు కొండోజు.

ఆ మూసను చిట్టెం గుట్ట మీద ప్రతిష్ఠించి, తాను అన్న మాట తప్పేనని ఊరందరి ముందు ఒప్పుకున్నాడు. మళ్లీ కొలిమి ముట్టించలేదు. అతనితోనే ఈ ఊళ్లో ఉక్కు వండడం ఆగిపోయింది. ఇప్పుడా పాళ్లు తెలిసినవారు ఒక్కరూ లేరు. మొన్నామధ్య పట్నం నుంచి సార్లు వచ్చి, యంత్రంతో లోపల ఏముందో చూస్తామన్నారు. పూజారులు కాళవ్వ పుట్టింటి వంశం వారు, దండం పెట్టి పంపించేశారు.

ఇంట్లో ఇల్లాలిని అనరాని మాట అన్నవారు నేటికీ ఇక్కడికి వచ్చి, నిండు కొబ్బరికాయను అమ్మ ఎదుట ఉంచి, తమ తప్పు పైకి చెప్పుకుంటారు. కాయను ఇంటికి తీసుకుపోతే మూడో నాడు ఇల్లాలే కొడుతుంది. అలా చేసిన ఇంట కలహం నిలవదని, దూరమైన ఆలుమగలు కలుస్తారని నమ్మకం. ఒక్కటే షరతు. తప్పు తెలిసిన రోజునే బయలుదేరాలి.

మాఘమాసంలో మూడు రోజులు జాతర. మూడో నాటి మధ్యాహ్నం ఊరి కమ్మరి స్నానం చేసి, సుత్తి పట్టుకుని మూస ముందు నిలబడతాడు. డప్పులు ఆగుతాయి. "అవ్వా, చల్లారిందా? తియ్యమంటవా?" అని మూడుసార్లు అడుగుతాడు. గుట్ట మీద ఉన్న వేలమందీ జవాబు కోసం ఊపిరి బిగబట్టి వింటారు. కాసేపు చూసి, కమ్మరి సుత్తి దించి కిందికి దిగిపోతాడు.